ఏ సూత్రం ప్రవర్తించింది?

ఈ టపాలో వ్యాకరణమున్నది, కంప్యూటరున్నది, ఒక టమాటా రైతు అప్పు కూడా ఉన్నది. ఈ మూడింటికీ పొత్తు ఎట్లా కుదురుతుందని సందేహించకండి. కుదిరింది కనుకనే వ్రాస్తున్నాను.

మదనపల్లెలో మా ఇంటికి పాలు పోసే రైతు ఒకాయన ఉన్నాడు. ఊరికి నాలుగు మైళ్ల దూరంలో రెండెకరాల టమాటా తోట ఆయన జీవనాధారం. నిరుడు పంట అప్పుకోసం ఒక రుణసంస్థలో దరఖాస్తు పెట్టుకొన్నాడు. తిరస్కరించారు. మళ్లీ పెట్టాడు, మళ్లీ తిరస్కరించారు. మూడవసారి కూడా అదే జరిగిన తరువాత నా దగ్గరకు వచ్చి కూర్చున్నాడు.

"అయ్యోరూ, ఏం తప్పుందో చెప్పండి, దిద్దుకుంటా అంటే చెప్పరు. మాకు తెలీదు, సిస్టం ఒప్పుకోలే అంటాండారు. ఆ సిస్టం ఏడుంటాదో చెప్తే ఆడికే పోయి అడుగుతా."

నేను వెంట వెళ్లాను. అక్కడి కుర్రవాడు మర్యాదస్థుడే. తెర నావైపు త్రిప్పి చూపాడు. 'అర్హత లేదు' అని ఎర్రని అక్షరాలలో ఒక్క వాక్యం. కారణమేమిటని అడిగితే, "నియమాలన్నీ హెడ్డాఫీసు కంప్యూటరులో ఉంటాయి సార్, మాకు ఫలితం ఒక్కటే కనిపిస్తుంది" అన్నాడు. అతడబద్ధమాడలేదు. అతనికి నిజంగానే తెలియదు. తీర్పును చదివి వినిపించేవాడికి ఆ తీర్పునకు హేతువు తెలియని కొలువు అది.

ఇంటికి వచ్చి కుప్పంలో ఉన్న నా పాత శిష్యుడికి ఫోను చేశాను. పుంగనూరులో నేను తెలుగు పండితుడిగా పనిచేస్తున్నప్పుడు, 1998లో, నా దగ్గర పదవ తరగతి చదివినవాడు. ఇప్పుడు బెంగుళూరు కంపెనీ ఒకదానికి ఇంటినుండే పనిచేస్తున్నాడు. వ్యాపారసంస్థల నియమాలను కంప్యూటరుచేత అమలు చేయించే 'రూల్ ఇంజిన్' అతని వృత్తి. ఈ రుణసంస్థతో అతనికి సంబంధం లేదు కాని, ఇటువంటి రోగాలకు అతడు వైద్యుడు.

ముందుగా ఆ యంత్రం స్వభావం చెప్పాడు. మామూలు ప్రోగ్రాములో పనులు మెట్లవలె ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. రూల్ ఇంజిన్‌లో అట్లా కాదు. 'ఇది ఇట్లా ఉంటే ఇది చేయి' అనే నియమాలు వందలకొద్దీ విడివిడిగా ఉంటాయి. దరఖాస్తుదారుని వయస్సు, ఆదాయం, చిరునామా వంటి వాస్తవాలు వేరే ఉంటాయి. ఏ నియమాల షరతులు ఏ వాస్తవాలతో సరిపోయాయో ఇంజిన్ చూస్తుంది. సరిపోయినవాటినన్నిటినీ ఒక పట్టికలో చేరుస్తుంది. ఆ పట్టికనే వాళ్లు 'అజెండా' అంటారు. అందులోనుండి ప్రాధాన్యాన్నిబట్టి ఒకదాన్ని ఎన్నుకొని అమలు చేస్తుంది. ఆ అమలువల్ల వాస్తవాలు మారవచ్చు. మారితే అంతవరకూ నిద్రపోతున్న నియమాలు లేస్తాయి, లేచినవి కొన్ని పడుకొంటాయి. ఏ నియమమూ మిగలనంతవరకు ఇదే తంతు. ఇన్ని నియమాలను ఇన్ని వాస్తవాలతో వేగంగా జతపరచే పద్ధతిని అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఛార్లెస్ ఫోర్జీ రూపొందించి, 1979లో తన పరిశోధన గ్రంథంలో వివరించాడట. దానికి 'రీటీ' అని పేరు. లాటిన్ భాషలో ఆ మాటకు వల అని అర్థం.

నియమం అమలు కావడాన్ని వాళ్లు 'ఫైర్' అవడమంటారు. తుపాకి పేలినట్లు. మన వైయాకరణులు 'ప్రవర్తించడం' అన్నారు. విన్నకొద్దీ నాకు ఆశ్చర్యం కలిగింది. "నాయనా, నువ్వు చెప్పేది యంత్రశాస్త్రం కాదు, వ్యాకరణం" అన్నాను.

ఎట్లాగో చెబుతాను. కవి, ఇంద్రుడు అనే రెండు మాటలు కలిశాయి. ఇకారానికి అచ్చు పరమైనది కనుక యణాదేశం నేను వస్తానంటుంది. అది వస్తే 'కవ్యింద్రుడు' అవుతాడు. ఇకారానికి ఇకారమే పరమైనది కనుక సవర్ణదీర్ఘం కూడా నేనూ వస్తానంటుంది. రెండూ అజెండాలో ఉన్నాయి. ఎవరు గెలవాలి? పాణిని వీటిని రెండు వేరువేరు సూత్రాలుగా చెప్పి, విశేషసూత్రం సామాన్యసూత్రాన్ని బాధిస్తుందనే కట్టుబాటుకు వదిలాడు. మన బడి పుస్తకాలు వేరే దారి పట్టాయి. యణాదేశసూత్రంలోనే 'అసవర్ణమైన అచ్చు పరమైతే' అని షరతు పెట్టి తగవు రాకుండా చేశాయి. తగవును తీర్పుతో తీర్చడం ఒక పద్ధతి, తగవే పుట్టకుండా షరతును బిగించడం మరొక పద్ధతి. మా శిష్యుడు విని, "ఇదే తగాదా మా ఆఫీసులో వారానికొకసారి నడుస్తుంది సార్" అన్నాడు.

సమానబలం గల రెండు సూత్రాలు తలపడినప్పుడు ఏది చెల్లాలో చెప్పడానికి పాణిని అష్టాధ్యాయి మొదటి అధ్యాయం నాలుగవ పాదంలో ప్రత్యేకంగా ఒక సూత్రమే వ్రాశాడు. దానిలోని 'పర' శబ్దానికి గ్రంథంలో తరువాత చెప్పిన సూత్రమని సంప్రదాయార్థం. అది కాదు, పదంలో కుడివైపు భాగానికి చెందిన కార్యమని 2022లో కేంబ్రిడ్జిలో ఋషి రాజ్‌పోపట్ అనే యువకుడు సిద్ధాంతీకరించాడు. పండితులందరూ ఒప్పుకోలేదు. ఎవరి పక్షం సరియైనదో తేల్చే శక్తి నాకు లేదు. నేను చెప్పదలచినదొక్కటే. ప్రపంచంలో అత్యంత శ్రద్ధతో కూర్చిన నియమావళిలో కూడ ఏ నియమం ముందు అనే ప్రశ్న ఇరవైకి పైగా శతాబ్దాలు దాటినా చర్చలోనే ఉన్నది. అటువంటప్పుడు ఒక రుణసంస్థ ఆఫీసులో హడావిడిగా వ్రాసిన నియమాలు తప్పుచేయవని ఎవరనగలరు?

తరువాత నియమాలకు వచ్చే రోగాలు చెప్పాడు. అతడు ఇంగ్లీషులో చెప్పిన ప్రతి రోగానికీ మన శాస్త్రాలలో పేరు దొరికింది.

మొదటిది, పట్టవలసిన చోట నియమం పట్టకపోవడం. తర్కంలో దీన్ని అవ్యాప్తి అంటాము. నియమంలో 'చిత్తూరు' అని ఉండి, దరఖాస్తులో అదే మాట తరువాత ఒక ఖాళీ పడితే చాలునట, యంత్రానికి అవి రెండూ వేరు. రెండవది, పట్టరాని చోట కూడా పట్టడం, అనగా అతివ్యాప్తి. ఆదాయం గడి ఖాళీగా వదిలిపెడితే సున్న అని గ్రహించి, ఆదాయం లేనివారికి పెట్టిన నియమాన్ని దానికి వర్తింపజేయడం వంటిది. మూడవది వరుస తప్పడం. మన యడాగమాన్ని చూడండి. సంధి లేనిచోటనే అది రావాలి. 'మా' తరువాత 'అమ్మ' వస్తే సంధి జరగదు కనుక 'మాయమ్మ' అయింది. సంధి సంగతి తేలకముందే యడాగమం తొందరపడితే భాష పాడవుతుంది. నాలుగవది, నియమం తాను మార్చిన వాస్తవాన్ని చూచి తానే మళ్లీ లేవడం. అంతులేని ఈ తిరుగుడు అనవస్థ. ఒక లక్ష్యంమీద ఒక లక్షణం ఒక్కసారే ప్రవర్తించాలని మన వైయాకరణులు కట్టుబాటు చేసుకొన్నారు. యంత్రాలవాళ్లు కూడా అటువంటి కట్టుబాటే పెట్టుకొన్నారట.

"అయితే ఈ రైతుకు పట్టిన రోగమేదో ఎట్లా తెలుసుకోవడం?" అని అడిగాను.

"నా దగ్గర ఆ ఇంజిన్ ఉంటే లాగ్ చూస్తాను సార్. ఏ నియమం ఎప్పుడు సిద్ధమైందో, ఎప్పుడు ఫైర్ అయిందో, ఏది రద్దయిందో వరుసగా వ్రాసిపెట్టమని ఇంజిన్‌కు ముందే చెప్పవచ్చు. అది లేకపోతే ఒకటే మార్గం. పాసైన కేసొకటి, ఫెయిలైన కేసొకటి పక్కపక్కన పెట్టండి. రెండింటికీ తేడా ఎంత తక్కువుంటే అంత మంచిది."

ఇది కూడా మాకు తెలిసిన విద్యే. 'కాలి', 'గాలి' అనే రెండు మాటలు ప్రక్కప్రక్కన పెట్టి, ఒక్క ధ్వనిలోనే తేడా ఉన్నది కనుక అర్థభేదానికి ఆ ధ్వనియే కారణమని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయిస్తారు.

రైతు బావమరిది పుంగనూరులో ఉంటాడు. అదే సంస్థలో, అదే పంటకు, ఇంచుమించు అంతే విస్తీర్ణానికి అప్పు తీసుకొన్నాడు. ఇద్దరి కాగితాలూ మా ఇంటి అరుగుమీద పరచుకొని పంక్తి పంక్తికీ పోల్చాము. వయస్సు, భూమి, పాత అప్పు తీర్చిన తీరు, అన్నీ దగ్గరదగ్గరే. చివరకు తేడా జిల్లా పేరు దగ్గర తేలింది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు మదనపల్లె చిత్తూరు జిల్లానుండి అన్నమయ్య జిల్లాలోకి పోయింది. పుంగనూరు, కుప్పం అప్పుడు చిత్తూరులోనే నిలిచాయి. మావాడి పాత ఆధార్ కార్డుమీద చిత్తూరు అని ఉన్నది, కొత్తగా తీసిన భూమి కాగితంమీద అన్నమయ్య అని ఉన్నది. బావమరిదికి రెండింటిలోనూ చిత్తూరే.

ఈ సంగతి వ్రాసి అర్జీగా ఇచ్చాము. మూడు వారాల తరువాత హెడ్డాఫీసునుండి జవాబు వచ్చింది. ఊహించినదే కారణం. రెండు పత్రాలలో జిల్లా ఒకటి కాకపోతే తిరస్కరించమని ఒక నియమం. అయితే అంతకంటె ఆశ్చర్యకరమైన విషయం ఇంకొకటి ఉన్నది. జిల్లాల విభజన జరిగినచోట ఆ తేడాను పట్టించుకోవద్దని 2022లోనే వాళ్లు ఒక మినహాయింపు నియమం కూడా వ్రాసుకొన్నారు! దాని ప్రాధాన్యసంఖ్య తక్కువగా పడింది. ఉత్సర్గం ముందు ప్రవర్తించి తలుపు మూసివేసింది. అపవాదం తలుపు బయట నిలబడిపోయింది. అన్నీ ఉన్నాయి, వరుసే లేదు.

అప్పు మంజూరయింది. కాని నారు నాటే అదను ఎవరికోసమూ ఆగదు. అప్పటికే ఆయన మండీలో అడ్వాన్సు తీసుకొన్నాడు. అడ్వాన్సు ఇచ్చిన మండీకే సరుకు తోలాలి, అక్కడ పలికిన ధరకే ఒప్పుకోవాలి. ఒక అంకె తప్పుపడినందుకు ఆ పంటకాలమంతా ఆయన చేతులు కట్టుబడిపోయాయి.

ఇక నా అభిప్రాయం. నియమాలను యంత్రానికి అప్పగించడం తప్పని నేననను. యంత్రం లంచమడగదు, కులమడగదు, ముఖం చూచి మాట మార్చదు. బల్లక్రింద చేయి చాచేవారిని చూచినవాడిని కనుక ఈ గుణం విలువ నాకు తెలుసు. అయితే తీర్పుతోపాటు ఏ నియమం, ఏ వాస్తవంమీద, ఏ వరుసలో ప్రవర్తించిందో చెప్పలేని యంత్రానికి తీర్పు చెప్పే అధికారమివ్వరాదు. హేతువు చెప్పని తీర్పును దిద్దుకొనే దారి లేదు.

ఇది ఒక రైతు అప్పుతో తీరే సంగతి కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో నవశకం సర్వే నాడు బియ్యం కార్డుకు ఇటువంటి నియమాలే పెట్టారు. నెలసరి ఆదాయం పల్లెలో 10,000, పట్టణంలో 12,000 రూపాయలు దాటరాదు. మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు మించరాదు. కరెంటు నెలకు 300 యూనిట్లు దాటరాదు. నాలుగు చక్రాల బండి ఉండరాదు, కాని టాక్సీ, ఆటో, ట్రాక్టరు ఉండవచ్చు. ఇంట్లో ప్రభుత్వోద్యోగి ఉండరాదు, కాని పారిశుద్ధ్య కార్మికులకు మినహాయింపు. చదవడానికి స్పష్టంగానే ఉన్నాయి. ఉత్సర్గమున్నది, అపవాదమున్నది. కాని ఒకే మీటరు క్రింద రెండు కాపురాలుంటే ఆ యూనిట్లు ఎవరివి? ట్రాక్టరును కారుగా నమోదు చేస్తే మినహాయింపు ఎవరిని వెదుక్కొంటూ పోవాలి? నియమం సరిగా ఉండి వాస్తవం తప్పయినా ఫలితం తప్పే. ఎర్రని అక్షరాలు మాత్రం రెండు సందర్భాలలోనూ ఒకటే.

తెలంగాణలో జరిగినది ఇంకా పెద్దది. అక్కడ రద్దయిన దాదాపు 19 లక్షల రేషను కార్డులను ఇంటింటికీ వెళ్లి తిరిగి పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. క్షేత్రంలో విచారించకుండా, నోటీసు ఇవ్వకుండా, కంప్యూటరు చెప్పినదాన్నిబట్టి తొలగించారన్నది ఫిర్యాదు. కారు లేని ఇంటికి కారున్నట్లు లెక్కపడి బియ్యం ఆగిపోయిన ఉదంతం 2024లో పత్రికలకెక్కింది. ఆ ఇంటివారికి ఏ నియమం ప్రవర్తించిందో మొదటిరోజే తెలిసి ఉంటే, 'మాకు కారు లేదు' అన్న ఒక్క మాటతో పోయేది. తెలియలేదు కనుక కోర్టుదాకా పోవలసివచ్చింది.

హేతువు చెప్పడం యంత్రానికి చేతకాదనేవారున్నారు. అది నిజం కాదు. 1970ల లోనే అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ షార్ట్‌లిఫ్ మైసిన్ అనే ప్రోగ్రామును తయారుచేశాడు. రక్తంలో చేరిన సూక్ష్మక్రిములకు తగిన మందు సూచించడం దాని పని. వైద్యుడు దాన్ని మధ్యలో ఆపి 'ఎందుకు?' అని అడగవచ్చు, 'ఎట్లా?' అని అడగవచ్చు. ఏ నియమాన్ని ఆధారంగా ఆ ప్రశ్న వేసిందో, ఏ నియమాలగుండా ఆ నిర్ణయానికి వచ్చిందో అది చెప్పేది. అయిదు దశాబ్దాల క్రితం యంత్రం చేసిన పనిని నేడు చేయించకపోవడం చేతకాక కాదు, అక్కరలేదనుకోవడంవల్లనే. మన సమాచార హక్కు చట్టం కూడా 2005లోనే ఈ మాట చెప్పింది. నిర్ణయంవల్ల ప్రభావితులైనవారికి ప్రభుత్వ సంస్థలు కారణాలు తెలపాలని దాని నాలుగవ సెక్షనులో ఉన్నది.

నియమాలన్నీ బయటపెడితే మోసగాళ్లు వాటికి తగినట్లు కాగితాలు తయారు చేసుకొంటారని మరొక వాదం. కొంత నిజమే. అయితే నేనడుగుతున్నది నియమావళి మొత్తాన్ని గోడకు అంటించమని కాదు. తిరస్కరించబడినవానికి తన విషయంలో ప్రవర్తించిన నియమం, దానికి ఆధారమైన వాస్తవం చెప్పమని మాత్రమే. మోసగాడు ఎట్లాగూ మధ్యవర్తికి డబ్బిచ్చి తెలుసుకొంటాడు. దాపరికంవల్ల నష్టపోయేది పాలు పోసే రైతు వంటివాడే.

ఇంత చెప్పిన తరువాత నా సంగతి కూడా చెప్పుకోవాలి. పుంగనూరులో ఒక త్రైమాసిక పరీక్షలో 'పుట్టిన' అనే మాటకు 'ఇల్లు' కలిపి వ్రాయమని ఇచ్చాను. ఒక పిల్లవాడు 'పుట్టినయిల్లు' అని వ్రాశాడు. నా చేతిలోని జవాబు పత్రంలో 'పుట్టినిల్లు' ఒక్కటే ఉన్నది. అర మార్కు కోశాను. అత్తునకు సంధి బహుళం, ఆ రెండు రూపాలూ సాధువులేనని నాకు తెలియక కాదు. నలభై కాగితాలు దిద్దే తొందరలో నేనే ఒక యంత్రమయ్యాను. వాడు లేచి నిలబడి, "ఎందుకు తప్పు సార్?" అని అడిగాడు. "తప్పంటే తప్పే, కూర్చో" అన్నాను.

ఆ పిల్లవాడే ఈ కుప్పం శిష్యుడు. ఫోను పెట్టేముందు ఈ సంగతి కదిలించి, "నీకు జ్ఞాపకముండదులే" అన్నాను.

"మరచిపోలేదు సార్" అన్నాడు.

ఆ తరువాత ఇద్దరమూ కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ అర మార్కు తిరిగి ఇవ్వడానికి ఇప్పుడు వీలులేదు. ఎందుకు తప్పు కాదో మాత్రం ఆనాడే చెప్పవలసిన నాలుగు మాటలు, ఇన్నేళ్లకు చెప్పాను.

మిత్రులలో సాఫ్ట్‌వేరు వృత్తిలో ఉన్నవారు చాలామంది ఉన్నారని తెలుసు. వారికొక విన్నపం. మీరు వ్రాసే నియమం ఏదో ఒకనాడు ఎవరో ఒకరి ఎదుట ఎర్రని అక్షరాలై నిలుస్తుంది. వాడు 'ఎందుకు?' అని అడిగినప్పుడు చదివి వినిపించడానికి ఒక పంక్తి ముందే వ్రాసిపెట్టండి. మీ ఆఫీసులో ఈ పని ఎట్లా జరుగుతున్నదో, జరగకపోతే అడ్డమేమిటో వ్యాఖ్యలలో తెలిపితే సంతోషిస్తాను. నా వ్యాకరణంలో దోషాలుంటే అవి కూడా చెప్పండి. అయితే ఏ సూత్రం ప్రకారమో చెప్పి మరీ దిద్దండి.

సెలవు.